డాక్టరమ్మకు నేను చెప్పిన జవాబు

ఏండ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దించుకునే చోటు దొరకలేదు. ఇంట్లో చెప్పలేను. దేవుడికి చెప్పుకున్నాను కానీ ఆయన ఉలకడు పలకడు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నాలుగో తరగతి దాకా నేర్చిన అక్షరాలు ఇందుకు పనికొస్తాయని ఎన్నడూ అనుకోలేదు.

రజాకార్ల గొడవ సద్దుమణిగిన కొత్తల్లో, పానగల్ దగ్గర ఒక నేతవాళ్ల ఇంటికి కోడలిగా వచ్చాను. మాది కుండమార్పిడి సంబంధం. నేను వాళ్లింటికి, మా ఆయన చెల్లెలు యాదమ్మ పెద్దమనిషి అయ్యాక మా తమ్ముడికి. అదీ మాట. వాళ్ల పిల్లను మావాళ్లు వద్దంటే నన్ను పుట్టింటికి పంపేస్తారు.

యాదమ్మకు తల్లి లేదు. ఆడవాళ్ల సంగతులన్నీ నా చేతిలోనే ఉండేవి. వదినా వదినా అంటూ నా కొంగు పట్టుకుని తిరిగేది. తన ఈడు పిల్లలందరూ పెద్దమనుషులయ్యారు, తను కాలేదు. మావాళ్లు వేరే సంబంధం చూస్తామని సణగడం మొదలుపెట్టారు. నాకు భయం పట్టుకుంది. ఒకరోజు కోడిని కోసినప్పుడు ఆ నెత్తురు పాత లంగాకు పూసి చాకలామెకు వేశాను. యాదమ్మను మూలన చాప మీద కూర్చోబెట్టి, ఎవరడిగినా అయిందనే చెప్పమన్నాను. తలూపింది. నువ్వులూ బెల్లం దంచి పెడితే ఇష్టంగా తిన్నది. చిన్నపిల్ల, దానికేం తెలుసు?

తర్వాత నెలనెలా మూడు రోజులు బయట కూర్చోబెడుతూ వచ్చాను. ఇంతలో కడుపునొప్పి మొదలైంది. నూలు కండెలు చుడుతూ చుడుతూ రాట్నం వదిలేసి ముడుచుకుని పడుకునేది. పోనుపోను పొత్తికడుపు గట్టిగా ఉబ్బింది. మా ఆయన ఊరుకోలేదు, నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాడు. ఆయన బయటే ఉన్నాడు, మేమిద్దరం లోపలికి పోయాం.

డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి. కడుపు నొక్కి చూసి యాదమ్మనే అడిగింది.

"పెద్దమనిషివయ్యావా?"

యాదమ్మ నా మొహం చూసింది. తను నోరు తెరవకముందే నేను అందుకున్నాను.

"అయింది డాక్టరమ్మా. ఏడాది దాటింది."

"నెలనెలా సరిగ్గా వస్తోందా?"

"వస్తాంది. గా దినాలల్ల నొప్పి జర ఎక్కువుంటది, గంతే."

"అయితే కడుపులో గడ్డేమో. మందు రాస్తాను. తగ్గకపోతే హైదరాబాదు తీసుకెళ్లండి."

ఆ గదిలో ఉన్నది ముగ్గురమే. నిజం చెబితే ఏమయ్యేది? ఆమె మా ఊరొచ్చి చాటింపు వేస్తుందా? ఇన్నేండ్లుగా నన్ను నేనే అడుగుతూ ఉన్నాను.

కొన్ని నెలలు ఆ మందే పోశాను. చివరికి మూత్రం బిగుసుకుపోయి, జ్వరంతో ఒళ్లు కాలిపోతుంటే హైదరాబాదు మోసుకుపోయాం. అక్కడి డాక్టరు నన్నేమీ అడగలేదు, నేరుగా పరీక్ష చేసింది. పుట్టుకతోనే దారికి అడ్డంగా ఒక పొర ఉందట. నెలనెలా పోవలసిన నెత్తురంతా లోపలే నిలిచిపోయిందట. పొరను కోస్తే బెల్లం పాకంలా నల్లగా వచ్చిందని నర్సు చెప్పింది. చిన్న కోత. ముందే తెలిస్తే నల్లగొండలోనే అయిపోయే పని. ఇప్పుడు లోపల చీము పట్టింది, ఇక పిల్లలు కలగరని నాకొక్కదానికే చెప్పారు. పెద్దమనిషి అయిందా లేదా అని నల్లగొండలో అడగనే లేదా అని డాక్టరు మండిపడితే, "అడగలేదు" అన్నాను. తడుముకోకుండా అన్నాను.

ఇంట్లో గడ్డ కోశారనే చెప్పాను, పిల్లలు కలగరన్న సంగతీ దాచాను. పెండ్లి చేశాం. కొన్నేండ్లు చూసి మా తమ్ముడు ఇంకొకదాన్ని తెచ్చుకున్నాడు, యాదమ్మ తిరిగొచ్చింది. మా మామ నన్నూ పంపెయ్యమన్నాడు. యాదమ్మే అడ్డం పడింది. "వదిన దవాఖానకు తోలుకపోకుంటే నేను సచ్చిపోదును, వదినను పంపకుండ్రి" అని ఏడ్చింది. నా కాపురం అలా నిలబడింది. నా పిల్లల్ని తనే పెంచింది. ఇంటికి ఎవరొచ్చినా వదినే నన్ను బతికించిందని చెప్పేది. అది విన్న రోజు నాకు అన్నం సహించేది కాదు.

మొన్న నా బిడ్డకు కడుపునొప్పి వచ్చింది. ఇంకా పెద్దమనిషి కాలేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ పూటే దవాఖానకు పరుగెత్తాను. పిల్ల చెయ్యి పట్టుకుని యాదమ్మా వచ్చింది. డాక్టరు అడగకముందే పిల్ల సంగతంతా చెప్పేశాను. ఇంకా కాలేదమ్మా, పొర ఏమన్నా అడ్డం ఉందేమో చూడండి అని బతిమాలాను. చూశారు. ఏమీ లేదు, నులిపురుగులట. కండ్లు తుడుచుకుని తలెత్తితే యాదమ్మ నన్నే చూస్తోంది.

కోపంగా చూసినా బాగుండేది. అలా చూడలేదు. పిల్లకు బట్టలు సర్ది, బస్సులో నా పక్కనే కూర్చుంది. ఆనాటి నా అబద్ధమే తన కడుపు కొట్టిందని అప్పుడే అర్థమయిందా? లేక, ఆనాడు ఆ గదిలో తనూ ఉంది కదా, ముందునుంచీ తెలిసే నన్ను కాపాడిందా? నాకు తెలియదు. నిన్న చుట్టాలొచ్చి పాత సంగతులు ఎత్తారు. వదిన బతికించిందన్న మాట యాదమ్మ నోట రాలేదు. లేచి వెళ్లి రాట్నం ముందు కూర్చుంది.

ఆమె కాళ్ల మీద పడాలి. పడలేను. ఇంట్లోంచి పొమ్మంటే ఎక్కడికి పోను? ఇంత వయసొచ్చినా నాకు నా చోటు పోతుందన్న భయమే. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. అబద్ధం నేనే చెప్పాను. కావాలనే చెప్పాను. ఇది రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆ కాస్త సుఖానికి కూడా నాకు సిగ్గుగానే ఉంది.