నాలుగో నంబరు బూట్లతో పరవాడకు

విజయవాడలో ఉదయం ఆరు దాటాక బయలుదేరే రైలు ఎక్కాను. సంచిలో ఒక జత బట్టలు, ఒక జత బూట్లు. బూట్లు నేను తొడుక్కునేవి కావు. నేను గీసి, కత్తిరించి, కుట్టించినవి. ఫ్యాక్టరీ పనివాళ్లకు, బరువు పడినా కాలివేళ్లు నలగకుండా ముందు ఉక్కు తొడుగు ఉన్న బూట్లు తయారుచేసే చిన్న కంపెనీ మాది. మొదటినుంచీ మగవాళ్ల సైజులే చేసేది. ఆడవాళ్ల కోసం నాలుగో నంబరులో, కాలి వెనక భాగాన్ని జారకుండా పట్టే సన్నటి మడమతో ఒక నమూనా చేస్తానని మా ఓనరు ప్రసాదరావు గారిని ఒప్పించడానికి నాకు రెండేళ్లు పట్టింది. పరవాడలో ఒక మందుల ఫ్యాక్టరీకి కొన్ని జతలు వాడి చూడమని పంపాం. నెలలు గడిచినా ఉలుకూ పలుకూ లేదు.

“నువ్వే వెళ్లి కనుక్కో పద్మా. వాళ్లు వద్దంటే ఆ బూట్లు కుట్టే అచ్చులు అమ్మేద్దాం,” అన్నారాయన.

తునిలో ఇడ్లీ తిన్నాను. ఎలమంచిలిలో నా పక్కసీటుకు బెల్లం వ్యాపారి ఒకాయన వచ్చి కూర్చున్నాడు. నా పని విని, “ఆడోలకి ఏరే బూట్లేటమ్మా, సెప్పులు సాలవా?” అన్నాడు. వెక్కిరింతేమీ లేదు, తెలుసుకుందామనే అడిగాడు. వేలి మీద డ్రమ్ము పడితే చెప్పు ఆపదని చెప్పాను. ఆలోచించి, నిజమే అన్నాడు.

మధ్యాహ్నానికి విశాఖలో దిగి ద్వారకా నగర్‌లో ఒక లాడ్జిలో గది తీసుకున్నాను. ఆడవాళ్లు ఒంటరిగా వెళ్తే ముందు ఫోన్ చేసి వెళ్లడం మంచిది. మొదటి లాడ్జిలో గదుల్లేవన్నారు, నా ముందే వేరేవాళ్లకి ఇచ్చారు. సాయంత్రం చెప్పుల దుకాణాల ముందు తిరిగాను. ఒక కోచింగ్ సెంటరు అమ్మాయి నాలుగు జతలు తొడిగి, అటూఇటూ నడిచి, అద్దంలో చూసుకుని ఒకటి కొనుక్కుంది. మా వ్యాపారంలో అలా ఉండదు. కొనే ఆయన ఆఫీసులో కూర్చుంటాడు. తొడుక్కునే మనిషిని మేం చూడం.

మర్నాడు ఎనిమిదికల్లా ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కాను. గాజువాక దాకా నిలబడే వెళ్లాను, అక్కడ సీటు దొరికింది. స్టీల్ ప్లాంటు వైపు షిఫ్టుకి వెళ్లేవాళ్లు కూర్మన్నపాలెంలో దిగిపోయాక బస్సు ఖాళీ అయింది. పరవాడ వెళ్లేవారు లంకెలపాలెంలో దిగి షేర్ ఆటో ఎక్కడం తేలిక. కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనబడటం మొదలయ్యాక గాలిలో మందుల వాసన వచ్చింది.

ఫ్యాక్టరీలో కొనుగోళ్లు చూసే శ్రీనివాస్ కుర్రవాడే. విజిటర్ల గదిలో టీ ఇప్పించాడు.

“కంప్లైంట్ ఒక్కటీ రాలేదు మేడం. వచ్చేనెల విదేశీ ఆడిట్ ఉంది, ఆడవాళ్లకి వేరే షూ ఉందా అని అడుగుతారు. ఆర్డరు పెట్టేస్తాను.”

ఇంత సులువుగా అవుతుందనుకోలేదు. టీ కప్పు కింద పెట్టాను. లోపలికి వెళ్లి పనివాళ్లతో మాట్లాడొచ్చా అంటే, పర్మిషన్ ఉండదన్నాడు. రైలు సాయంత్రానికి. కాలక్షేపానికి గేటు ఎదుట టీ బడ్డీ దగ్గర కూర్చున్నాను.

రెండింటికి షిఫ్టు వదిలారు. ఆడవాళ్లు గుంపుగా, సొంత చెప్పులతో బయటికొచ్చారు. బూట్లు లోపలే విప్పి రావాలి. ఒకామె బడ్డీ దగ్గర ఆగితే నా సంచిలో జత తీసి చూపించాను. నలభై ఏళ్లుంటాయి. పేరు పైడమ్మ, ప్యాకింగ్‌లో పని.

“ఇయ్యా? ఒక్కరోజేసుకున్నానమ్మా,” అంది. “కాలికి అతుక్కున్నట్టుండేవి. మర్నాడెల్తే ర్యాకులో నేవు.”

“ఎవరు తీశారు?”

“తియ్యడమేటి. మూడు షిఫ్టులోలకీ అయ్యే బూట్లు కదా. ముందెవులొత్తే ఆలేసుకుంతారు.”

నేను జతను మళ్లీ సంచిలో పెట్టుకుంటుంటే ఆమెకే జాలేసినట్టుంది. “రా అమ్మా, ఎండలో కూకోడమేటి. ఇల్లు దగ్గిరే,” అంది.

రేకుల ఇల్లు, ముందు అరుగు. అన్నం, చేపల పులుసు పెట్టింది. మేం తింటుండగా పక్కింటి గున్నమ్మ వచ్చింది. రాత్రి షిఫ్టు చేసి అప్పుడే నిద్రలేచిన మనిషి. నా బూట్లు పైడమ్మ కాలికి చక్కగా పట్టాయి. గున్నమ్మ పాదం సగం దాకా వెళ్లి ఆగిపోయింది.

“పెద్ద నంబరైతే ఎవులికైనా పడతాది,” అంది గున్నమ్మ. “రెండు సాక్సులేసుకుని నడిసీయొచ్చు. ఈ సిన్నయ్యి ఎట్టడానికి పెద్దయ్యి తీసీసినారు. మిగిలినయ్యి మాకు సాల్లేదు. అందుకే ఈటిని ర్యాకు పైకెట్టీసి, పెద్దయ్యే మళ్లీ తెచ్చీసుకున్నాం.”

“మరి ఆఫీసులో చెప్పలేదా?”

“సెప్తే కొత్తయ్యే మానెత్తారేమోనని భయమేసిందమ్మా,” అంది పైడమ్మ. “మా గురించి ఒకలు ఆలోసించినారు కదా అని.”

నేను చెయ్యి కడుక్కున్నాను. పాత పేపరు అడిగి తీసుకుని అరుగు మీద పరిచాను. ఇద్దరి పాదాలూ గీశాను. అది చూసి ఇంకో ముగ్గురు వచ్చి, నవ్వుకుంటూ కాళ్లు పెట్టారు. పొడవులు వేరు. కానీ అందరికీ వేళ్ల దగ్గర వెడల్పే. నేను అచ్చు చేయించింది మా పట్నం కొలతలతో.

ఐదున్నరకి దువ్వాడలో రైలెక్కాను. అనకాపల్లి దాటాక ప్రసాదరావు గారి ఫోన్.

“అమ్మా పద్మా, ఆర్డరు మెయిల్ వచ్చింది. సాధించావు.”

“సార్, అలాగే పంపితే ఆ షూ ర్యాకులో పడుంటుంది.”

“ఆడిట్‌లో చూపించడానికి ర్యాకులో ఉండాలనే కదా వాళ్లు కొంటున్నది. కొనేవాడికి నచ్చింది. నీకింకేం కావాలి?”

“అరగని షూ మళ్లీ ఎవరు కొంటారు సార్?”

మధ్యాహ్నం విన్నదంతా చెప్పాను. వెనక మడమ తీసేసి బిగించుకునే పట్టీ పెడితే, ముందు వెడల్పు చేస్తే, రెండు మూడు నంబర్లవాళ్లు ఒకే జత వేసుకోవచ్చన్నాను. ప్యాకింగ్ పనికి వెనక మూసి ఉండనక్కర్లేదు.

“నీ సన్నటి మడమ పోతుంది మరి.”

“పోతుంది సార్.”

“శ్రీనివాస్‌ని అడిగి చెప్తాను,” అని పెట్టేశారు.

సామర్లకోట దాకా ఫోన్ చేతిలోనే ఉంది. గోదావరి వంతెన మీద ఉండగా మోగింది. ప్యాకింగ్ వరకు సరేనన్నాడట, ఆడిట్ లోపు అందాలట. “రేపు పొద్దున్నే వచ్చెయ్,” అన్నారు ఓనరు.

నా ఎదుట కూర్చున్న పెద్దావిడ ఫోన్ మాటలన్నీ విన్నట్టుంది. “ఇంతకీ మీ బూట్లు అమ్ముడయ్యాయా అమ్మా?” అని అడిగింది. అయ్యాయని చెప్పాను. సంతోషించి నాకొక జామకాయ ఇచ్చింది.

రెండేళ్లు పట్టుబట్టి చేయించిన మడమ ఒక్క మధ్యాహ్నంలో పోయింది. దిగులుగానే ఉంది, కానీ నిద్ర పట్టింది. ఇలాంటి పని మీద పరవాడ వెళ్లేవారికి నేను చెప్పేది ఒకటే. ఆఫీసులో పని పదింటికే అయిపోయినా, తిరుగు టికెట్ సాయంత్రానికే తీసుకోండి. రెండింటికి గేటు తెరుస్తారు.