రాని అతిథికి వడ్డించిన ఆకు

ఒక్క విస్తరాకుతో ఖాయమైన పెళ్లి చెడగొట్టుకుని, పైగా నిక్షేపంలా ఉన్న కన్నతండ్రిని చంపుకున్న ఘనుడు జంటనగరాల్లో నేనొక్కడినే. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. మా నాన్న తప్ప అందరూ నవ్వారు.

అరవైల మాట. గన్‌ఫౌండ్రీలో ఓ బ్యాంకు గుమాస్తాని. కాచిగూడ కృష్ణమూర్తిగారమ్మాయి సరోజ నన్ను ఒప్పుకుంటే తలనీలాలిస్తానని మొక్కుకున్నాను. ఒప్పుకుంది. తిరుపతి వెళ్లి నున్నటి గుండుతో తిరిగొచ్చాను.

నా గదిలోనే ఉండే రాజయ్యకు కళ అంటే పిచ్చి. వాడి నాటకానికి స్టేజీ వద్దు, తెర వద్దు.

"నువ్వు ఆంధ్రోనివి, నేను గీడోన్ని. పబ్లిక్ గార్డెన్స్‌ల కలిసి బంతికి కూసుందాం. ఇంకో ఆకుల వడ్డించి పెడదాం, తెల్వని మనిషి కోసం. ఎవలొచ్చినా కూసొని తింటరు. గంతే నాటకం!"

"మరి డైలాగులు?"

"ఒక్క మాట గూడ వద్దు. మాట్లాడితే ఆర్ట్ ఖతం!"

ఆదివారం పొద్దున్నే నాంపల్లిలోని ఆ తోటలో గడ్డి మీద ఆకులు పరిచాం. అన్నం, పప్పు, నా కోరిక మీద గారెలు. సంప్రదాయంగా ఉంటుందని నేను చొక్కా విప్పి పంచె కట్టాను. గుండు, పంచె, గారెలు, మనిషి లేని ఆకు. మీకు అర్థమైపోయింది కదూ? నాకు కాలేదు.

తినడానికి ఒక్కరూ రాలేదు. దూరంగా ఆగి, చెప్పులు విడిచి, దండం పెట్టి పోతున్నారు. మన జనానికి కళంటే ఇంత గౌరవమా అని పొంగిపోయాను. ఒక ముసలమ్మయితే కళ్లొత్తుకుంది. "ఎంత కష్టమొచ్చె బిడ్డా! జర ధైర్యంగుండు." నటన అంతగా పండిందనుకుని నేనూ రెండు కన్నీటి చుక్కలు రాల్చాను.

అంతలో కాకి వాలి, ఖాళీ స్థానం ముందున్న గారె ఎత్తుకుపోయింది.

"ముట్టింది! కాకి ముట్టింది! పెద్దాయన తృప్తి పడ్డడు!" అని జనం చేతులెత్తి మొక్కారు. వాళ్లలో కృష్ణమూర్తిగారు! పరుగున వచ్చారు.

"ఏమిటి నాయనా, నాన్నగారు ఎప్పుడు పోయారు? మాకు కబురైనా చెయ్యలేదే!"

నోరు తెరవబోయాను. రాజయ్య కళ్లురిమాడు. కళ కోసం తల వంచుకున్నాను.

"ఏడాదిదాకా శుభకార్యాలు పనికిరావు. పెళ్లి సంగతి తర్వాత చూద్దాంలే" అని ఆయన నా వీపు నిమిరి వెళ్లిపోయారు. వెంట పరుగెత్తబోతే, బంతి మధ్యలో లేవకూడదని రాజయ్య నా పంచె పట్టుకున్నాడు. పంచె కన్నా సరోజే ముఖ్యమని ఆ క్షణంలో తోచలేదు.

ఆ రాత్రే బండెక్కి తెనాలి వెళ్లి, నాన్నను ప్రాణాలతో సహా తెచ్చి కాచిగూడలో ప్రవేశపెట్టాను. కృష్ణమూర్తిగారు కాఫీ ఇప్పించి, అంతా ఓపిగ్గా విన్నారు.

"చూశారుగా, నేను బతికే ఉన్నాను. మావాడిది ఉత్త నాటకం" అన్నారు నాన్న.

"అదేనండీ నా బాధ! మీరు పోయుంటే ఏడాది ఆగి పిల్లనిచ్చేవాణ్ణి. బతికున్న తండ్రికి తద్దినం పెట్టినవాడికి ఎలా ఇవ్వమంటారు?"

నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఆశగా నాన్న వైపు చూశాను. ఆయన కాఫీ చివరి గుక్క తాగి, "న్యాయమే" అన్నారు.

కనుక సమస్త ప్రజలకూ ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ ఆకు ముందు కూర్చున్నా మౌనంగా ఉండను. మా నాన్న ఉన్నంతకాలం గారెలు మాత్రం తలుపు గడియ పెట్టుకునే తింటాను.