వాచీల బాబాయ్ తెరిపించిన ఛానెళ్ళు

"మరి ఆవేళ ఛానెళ్ళు తెరిపించింది మీరే కదా? ఆ కంపెనీవాళ్ళని మళ్ళీ ఇంకో మాట అనండి, దెబ్బకి దారికొస్తారు!" అంది పిన్ని, నల్లబడ్డ టీవీ ముందు రిమోట్ పట్టుకుని.

ఆవిడ మొగుడు వాచీల బాబాయ్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ గుమ్మం వైపు జరిగాడు.

తెరిపించింది ఆయనేనని వీధంతా నమ్మింది. ముందు ఆయనే నమ్మాడు, ఇక వీధి నమ్మకేం చేస్తుంది? సంగతేమిటంటే, పదిరోజుల కిందట వార్తల్లో బొమ్మ గళ్ళుగళ్ళుగా వస్తోందని డిష్ కంపెనీకి ఫోన్ చేసి, "ముప్ఫై ఏళ్ళుగా గడియారాలు బాగుచేస్తున్నవాణ్ణి, నా దగ్గరా మీ ఆటలు?" అని అరగంట దులిపేశాడు. తెల్లారేసరికి ఎన్నడూ డబ్బు కట్టని ఛానెళ్ళు ఓ నలభై తెరుచుకుని కూర్చున్నాయి! ఇంకేం, కాలరెగరేశాడు. పక్కింటి దర్జీ, "మా ఇంట్లోనూ వస్తున్నాయి బాబాయ్," అంటే, "వీధి మొత్తానికీ కలిపే చెప్పాలేరా," అన్నాడు తడుముకోకుండా.

ఆయన మాట గ్యాస్ వాడు వినడు, ఇంటి ఓనరు వినడు, కన్నకూతురు అసలే వినదు. అలాంటిది ఒక కంపెనీ విన్నది! పెళ్ళయిన ఇన్నేళ్ళకి పిన్ని మొదటిసారి ఆయన్ని ఎగాదిగా చూసి, అడక్కుండానే రెండో టీ ఇచ్చింది. ఆ పదిరోజుల్లో ఆవిడో సీరియల్ పట్టుకుంది. అందులో చిన్నకోడలు దొంగో కాదో ఇవాళ సాయంత్రం తేలాలి. పొద్దున్నే ఆ ఛానెళ్ళన్నీ మూసుకుపోయి తెర నల్లబడింది.

బాబాయ్ కొట్టుకి పరిగెత్తాడు. కొట్టంటే మేడమెట్ల కింద ఒక గాజుపెట్టె, ఒక స్టూలు, అంతే. ఎదురుగా డిష్ బిగించే అతను నిచ్చెన దించుతుంటే పిలిచి, ఛానెళ్ళ సంగతి గుసగుసగా అడిగాడు.

"మీరు తిట్టారనా?" అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. "అందరికీ ఇచ్చారు బాబాయ్! పదిరోజులు ఊరికే చూపించి రుచి మరిగిస్తారు, ఆనక తాళం వేస్తారు. ఇక మనమే ఫోన్ చేసి డబ్బు కడతామంటాం. మీరు చేసేదీ అదేగా?"

"నేనేం చేశాన్రా?"

"వాచీ అద్దం ఊరికే తుడిచిపెడతారా, అది తళతళలాడేసరికి పాత పట్టీ వెలవెలబోతుంది. మారు మాట్లాడకుండా కొత్తది కొంటాం. ఇదిగో, నా చేతిదీ అలా కొన్నదే!"

బాబాయ్ కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి, చేతిలోని మెత్తటి గుడ్డని చూసుకున్నాడు. ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది, చివరికి కంపెనీ మీద గౌరవమే కలిగింది. కానీ నిజం చెప్పేస్తే పిన్ని ఇక జన్మలో రెండో టీ ఇస్తుందా?

అతను నిచ్చెన భుజానేసుకుని వెళ్ళేదాకా ఆగి, బాబాయ్ మనసులో వరస కట్టుకుని ఫోన్ తీశాడు. ముందు ఇక్కణ్ణుంచే కంపెనీకి చేసి, గొంతు తగ్గించి, "అమ్మా, ఆ సీరియల్ ఛానెల్ కలపండమ్మా, డబ్బు కట్టేస్తాను," అంటాడు. తర్వాత ఇంటికెళ్ళి పిన్ని ఎదుట నిలబడి ఇంకో ఫోన్ చేస్తాడు. అది ఎవరికీ కలపడు. అరగంట దులిపేస్తాడు.