ముందు అడిగినవా?

మదన్ మోహన్ గారు పరాయి జాగాలో అడగకుండా ఏదీ ముట్టరు. ముట్టడం దాకా ఎందుకు, కూర్చోవడానికీ అడుగుతారు, నిలబడడానికీ అడుగుతారు. మెదక్‌లో ఆయనకు విత్తనాల దుకాణం ఉంది, అరవై రెండేళ్ల వయసుంది, మంచి పేరుంది. ఈ ఒక్క అలవాటుతోనే ఇంటిల్లిపాది ప్రాణం తోడేస్తారు.

కోడలు రచనకు ఈ సంగతి పెళ్లిచూపుల నాడే తెలిసింది. శంకరంపేటలో వాళ్లింటికి వచ్చినవాళ్లంతా కుర్చీల్లో హాయిగా కూలబడితే, ఈయన గడప దగ్గరే ఆగిపోయారు.

"చెల్లెమ్మా, లోపటికి రావచ్చునా?"

"రాండ్రి అన్నా," అంది రచన తల్లి నర్సమ్మ.

"గీ కుర్చీల కూసోవచ్చునా?"

"గది మీకోసమే ఏసిన."

రచన టీ పళ్లెం పట్టుకుని వచ్చేసరికి ఆయన నేలకేసి చూస్తున్నారు. "బిడ్డా, నిన్ను జూసెతందుకే వచ్చినం. జూడొచ్చునా?" అన్నారు. అంతకుముందు నాలుగు సంబంధాలు వచ్చి పోయాయి గానీ ఆ మాట అడిగిన మనిషి ఒక్కడూ లేడు. రచన నవ్వు ఆపుకోలేక సగం టీ ఒలకబోసింది. పెళ్లికొడుకు అఖిల్ ఎలా ఉన్నాడో చూడకముందే మామగారు నచ్చేశారు.

నచ్చడం వేరు, ఆయనతో బయటికి పోవడం వేరు. ఏడుపాయల గుడికి పోయి అక్కడ చెట్టు కింద వండుకుందామంటే, ఆ చెట్టు నీడలో ముందే కూర్చున్న మూడు కుటుంబాలనూ పేరుపేరునా అడిగారు. పొయ్యి ఇక్కడ పెట్టొచ్చునా, పొగ మీ దిక్కు వస్తే ఏమనుకోరు గదా, అని. అత్తగారు గోదావరమ్మ పొయ్యి వెలిగించేసరికి ఆ మూడు కుటుంబాలూ తిని చేతులు కడుక్కున్నాయి. వాళ్లు వదిలేసిన విస్తళ్లను కూడా ఈయన "తీయొచ్చునా?" అని అడిగే సంచిలోకి ఎత్తారు.

అలాంటి మనిషిని అఖిల్ అండమాన్‌కు తీసుకుపోయాడు. అయినవాళ్లది అన్నది ఒక్క గడ్డిపోచ లేని దీవి. ఇక ఆయన అడుగుడుకు అంతుంటుందా?

చేపలమ్మే ముసలమ్మను ఫోటో తీయొచ్చా అని అడిగారు. వద్దంది. పోనీ చేపలను? అవీ వద్దంది. "సరే తల్లీ" అని దండం పెట్టి ఫోన్ జేబులో వేసుకున్నారు. ఇసుకలో కాలు పెట్టే ముందు చెప్పులు చేత పట్టుకుని లైఫ్‌గార్డు దగ్గరికి పోయి, మెదక్ ఉర్దూలో అనుమతి అడిగారు. లైఫ్‌గార్డు ముందు బిత్తరపోయి, తర్వాత లేచి నిలబడి సెల్యూట్ కొట్టాడు.

"గాయన కావలోడు, ఓనరు గాదు," అంది గోదావరమ్మ.

"కావలోన్నే అడుగకుంట ఓనరును ఎట్ల అడుగుతమే?"

నీళ్లలో పగడపు దిబ్బల మీద కాలు పెట్టొద్దు, అవి ప్రాణమున్నవి అని గైడు చెప్పాడు. అంతే, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని అరగంట తేలారు. మర్నాటికి నడుము పట్టేసింది. అయినా ఎవరి నోట ఏ మాట వచ్చినా ఆయన ప్రశ్న ఒక్కటే. "ముందు అడిగినవా?"

ఆ సాయంత్రం రచన ఒడ్డున నిలబడి తల్లికి ఫోన్ చేసింది. నర్సమ్మ పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదు.

"ఎట్ల మోగుతది బిడ్డా? మంజీర పొంగినప్పటి లెక్కనా?"

"గట్ల గాదమ్మా, ఆగు, ఇనిపిస్త," అని రచన ఫోన్ నీళ్లవైపు చాచింది. సరిగ్గా అప్పుడే సిగ్నల్ పోయింది. మళ్లీ ఎంత కొట్టినా కలవలేదు.

మనసు ఉసూరుమంది. కాలి దగ్గర అరచేతంత గవ్వ ఒకటి కనిపించింది. చెవికి ఆనిస్తే లోపల హోరుమంటోంది. గవ్వలు తీసుకుపోరాదని వెనకే బోర్డుంది. రచన అటూ ఇటూ చూసి, దాన్ని చున్నీలో చుట్టి అందరి బట్టలూ ఉన్న బ్యాగులో అడుగున పెట్టేసింది. అమ్మ కోసమే కదా అనుకుంది. ఆ రాత్రి మాత్రం సరిగా నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున్నే మామగారు మళ్లీ లైఫ్‌గార్డు దగ్గర నిలబడి ఏదో అడుగుతున్నారు. అతను నవ్వి మళ్లీ సెల్యూట్ కొట్టాడు. తర్వాత ఈయన ఫోన్ పైకెత్తి పట్టుకుని, అతన్నే ఇంకోసారి అడిగి, నడుము నొప్పితోనే అరగంట అలా కూర్చున్నారు. "డాడీ వీడియో తీస్తున్నడు. కెమెరాకు బొటనవేలు అడ్డమున్నది," అని అఖిల్ పడీపడీ నవ్వాడు.

విమానాశ్రయంలో బ్యాగు మిషన్ లోపలికి పోయి బయటికి రాలేదు. ఆఫీసరు చున్నీ విప్పి గవ్వను బల్ల మీద పెట్టాడు.

"ఈ బ్యాగు ఎవరిది?"

రచన బల్ల దగ్గరికి జరిగింది. పెళ్లై నాలుగు నెలలు. అత్తింట్లో ఇంకా ఏ డబ్బాలో ఏముందో కూడా తెలియదు. ఇప్పుడు అత్తగారి ఎదుట, మొగుడి ఎదుట, ఇంతమంది ఎదుట దొంగ అనిపించుకోవాలి. నోరు తెరవబోయింది.

"నాది సాబ్," అన్నారు మదన్ మోహన్ గారు.

"బోర్డు చూడలేదా?"

"జూసిన సాబ్. తప్పయింది."

ఆఫీసరు మందలించి, కాగితం మీద సంతకం పెట్టించుకుని వదిలేశాడు. గోదావరమ్మ మొగుణ్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "ఇంట్ల ఉప్పు కావాల్నన్నా అడిగేటోడివి. నీకేమైందయ్యా?" అంది. విమానంలో అదే మాట, కారులో అదే మాట, మెదక్ చేరాక వాడకట్టంతా అదే మాట. దుకాణానికి వచ్చిన రైతులు కూడా సంచి మీద చెయ్యి వేసి, "సేటూ, ముట్టొచ్చునా? లేకుంటే గట్లనే తీస్కపోవాల్నా?" అని ఆటపట్టించారు. ఆయన నవ్వుతూనే తూకం వేశారు.

రచనకు అన్నం సహించలేదు. మూడో రోజు మామగారి ఎదుట నిలబడింది.

"మామా, గా గవ్వ నేనే పెట్టిన."

"ఎరికే బిడ్డా. మీ అమ్మతోని నువ్వు ఫోన్ల మాట్లాడేది ఇన్న. నిన్ను అడుగకుంట ఇన్న గద, గది నా తప్పు. గందుకే తప్పయిందన్న. అబద్ధమేం గాదు."

"అత్తమ్మకు నిజం జెప్త."

"చెప్పాల్నంటే చెప్పు. నీ ఇష్టం. ముందుగాల మీ అమ్మను రమ్మను, ఆమెకొకటి తెచ్చిన."

ఆదివారం నర్సమ్మ వచ్చింది. తల్లి ముందరే రచన అత్తగారికి ఉన్నదంతా చెప్పేసింది.

"ముప్పై ఐదేండ్లకు ఒక్కసారన్న అడుగకుంట ఏదో ఒకటి తెచ్చిండని మస్తు సంబరపడ్డ," అంది గోదావరమ్మ నిట్టూరుస్తూ. "గది గూడ ఉత్తదేనా?" అని కోడలి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

మదన్ మోహన్ గారు ఫోన్ తీశారు. "చెల్లెమ్మా, చెవికాడ పెట్టొచ్చునా?"

"పెట్టుండ్రి అన్నా."

అప్పటికి గానీ రచనకు ఆ బొటనవేలు సంగతి అర్థం కాలేదు. ఆయన తీసింది బొమ్మ కాదు, చప్పుడు. అరగంట సముద్రం. నర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటోంది. ఆ హోరు మొదట్లోనే ఎవరో మాట్లాడుతున్నారు.

"ఎవరు బిడ్డా, గింతగనం బతిమాలుతుండు?"

"మామనే. చప్పుడు తీస్కపోవచ్చునా అని ఆడ కావలోన్ని అడుగుతుండు."

"ఏమన్నడట?"

"తీస్కపొమ్మన్నడు."

"అడిగే తెచ్చిండు గద," అంది నర్సమ్మ గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుంటూ. "ఇగ నిమ్మలంగ ఇనుకుంట కూసుంట."