బాబాయి చదవని ప్లగ్గు

స్పార్కు ప్లగ్గు విప్పి చూశాడంటే చాలు, బండివాడి బతుకు పదిమందిలో చదివేయడం మెకానిక్ బాబాయికున్న జబ్బు. చెయ్యి చూసి జాతకం చెప్పేవాళ్ళు కనీసం గొంతు తగ్గిస్తారు. బాబాయికి ఆ మర్యాద తెలీదు. ముందు చదువుతాడు. తరవాతే ప్లగ్గుని పెట్రోల్లో ముంచి, ఇత్తడి బ్రష్షుతో రుద్ది, గరుకు కాగితం ఆడించి, ఉఫ్‌మని ఊది బిగిస్తాడు. కొత్తది వెయ్యమంటే మాత్రం, ఊపిరున్నదాన్ని పారేయడానికి చేతులెలా వస్తాయయ్యా అని దెబ్బలాడతాడు.

ఒకసారి ఓ అల్లుడుగారు మావగారిని వెనక ఎక్కించుకుని వచ్చాడు. ఇల్లూ ఆఫీసూ తప్ప తన బండికి వేరే దారి తెలీదని దారి పొడుగునా చెప్పుకొచ్చాడట. బాబాయి ప్లగ్గుని వెలుతురులో పెట్టి, "మీ ఇంటికీ ఆఫీసుకీ మధ్య కొండలేమైనా ఉన్నాయా బాబూ, దూరాలు తిరిగిన బండిలా ఇంత తెల్లగా మాడింది?" అన్నాడు. తిరుగు ప్రయాణంలో మావగారు నడిచి వెళ్ళాడు.

అందుకే వీధిలోని దర్జీ ఆవిడ మొదటిసారి భర్త బండి తోసుకుంటూ వచ్చినప్పుడు, బయటే ఆగి షాపులో ఎంతమంది ఉన్నారో చూసుకుంది. భర్త పోయి ఏడాది కూడా కాలేదు. ఆవిడకి బండి నడపడం రాదు. కిక్కు కొట్టడం మాత్రం వచ్చు. రోజూ పొద్దున్నే, చల్లటి ఇంజనుకి పెట్రోలు ఎక్కువ పంపే చోక్ వేసి స్టార్టు చేసేది. అది దడదడలాడుతుంటే వాకిలి ఊడ్చుకునేది. ఊడ్చడం అవగానే ఆపేసేది. కదలని బండికి మసి పట్టక ఏమవుతుంది? ప్లగ్గు చచ్చేది.

బండి నేర్చుకున్నానని, మార్కెట్టు నించి వస్తుంటే ఆగిపోయిందని అబద్ధమాడింది. బాబాయి ప్లగ్గుని అటూ ఇటూ తిప్పాడు. షాపులో ఉన్నవాళ్ళు చెవులు రిక్కించారు.

"పెట్రోలు మంచిది కాదమ్మా," అన్నాడు.

ఇంత పేరున్నవాడికి తన జాతకం అందలేదని ఆవిడ ఇంటికెళ్ళి నవ్వుకుంది. భర్త పోయాక అదే మొదటి నవ్వు. అప్పటి నించీ మసి పట్టినప్పుడల్లా అదే అబద్ధం, అదే జవాబు. మధ్యలో నలిగిపోయింది పెట్రోలు బంకాయన. వీధిలో సగం మంది వేరే బంకుకి పోవడం మొదలెట్టారు.

ఒకరోజు ఆవిడ మరిది వచ్చాడు. మాటిమాటికీ ఆగిపోయే బండి ఇంట్లో ఎందుకు వదినా, పాత ఇనుము కొనేవాడు సిద్ధంగా ఉన్నాడన్నాడు. బండి పాడైందని బాబాయి ఒక్కమాట అంటే ఇచ్చేద్దామని తనే తోసుకొచ్చాడు. దారిలో ఆగిపోతుందని ఊరంతా చెప్పుకుంది ఆవిడే. ఇప్పుడు కాదనలేక వెనకే నడిచింది.

బంకాయన అప్పటికే షాపులో, బాబాయి పక్కనే చేతులు కట్టుకుని నించున్నాడు, తన పెట్రోలు సంగతి ఈ రోజు తేల్చుకుందామని. మరిదికి ఫోనొచ్చి రోడ్డు మీదికెళ్ళాడు. బాబాయి ప్లగ్గు విప్పాడు. బొగ్గులా ఉంది.

"ఇంజను వేడెక్కగానే చోక్ తీసెయ్యి తల్లీ. ఇంత మసి పట్టదు," అన్నాడు చిన్నగా. ఆయన గొంతు తగ్గించడం ఆవిడ ఎప్పుడూ వినలేదు.

"నీకు తెలుసా బాబాయ్?"

"మొదటి రోజే తెలుసు."

ఆవిడ కొంగుతో బండి సీటు తుడిచింది. అక్కడ దుమ్ము లేదు.

"చోక్ తీశాక చప్పుడు నెమ్మదిస్తుంది కదా. అప్పుడే ఆయన, వెళ్ళొస్తానని కేకేసి వెళ్ళిపోయేవారు. తియ్యకపోతే, ఇంకా వాకిట్లో ఉన్నట్టే ఉంటుంది."

బాబాయి ప్లగ్గుని పెట్రోల్లో ముంచాడు. బ్రష్షు తీసుకుని రుద్దడం మొదలెట్టాడు. రుద్దుతూనే, "అయితే తియ్యకు. తుడవడానికి నేనున్నాగా," అన్నాడు.

మరిది ఫోను జేబులో పెట్టుకుంటూ వచ్చాడు. "ఏం తేలింది బాబాయ్? బండిలో లోపమేగా?"

బాబాయి నోరు తెరిచేలోగా బంకాయన చేతులు దించాడు. ఒకసారి దర్జీ ఆవిడ వంక చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"బండి బంగారమండీ. మా పెట్రోలే మంచిది కాదు," అన్నాడు.