బర్రెల కొట్టంలో అమెరికా బండి

కొత్త రాష్ట్రం వచ్చిన తొలి రోజుల్లో కల్వకుర్తి చుట్టుపక్కల ఇంజనీరింగ్ చదివిన కుర్రాళ్ళందరికీ ఒకటే వృత్తి ఉండేది: నోటిఫికేషన్ కోసం ఎదురుచూడటం. ఆ వృత్తిలో నేను చాలా నిజాయితీగా పనిచేసేవాణ్ణి. పొద్దున్నే పేపరు తిరగేసి, నోటిఫికేషన్ రాలేదని నిర్ధారించుకుని, ఆ శ్రమకు అలసిపోయి మళ్ళీ పడుకునేవాణ్ణి. చదివింది మెకానికల్ కాబట్టి ఎవరింట్లో మిక్సీ ఆగినా, ఎవరి బోరు మోటారు కాలినా నాకే కబురు వచ్చేది. నేను వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని, దాన్ని కాసేపు గంభీరంగా చూసి, మెకానిక్‌కు చూపించమని సలహా ఇచ్చి, చాయ్ తాగి వచ్చేవాణ్ణి. అలాంటి నా చేతిలో మా చిన్నమ్మ ఒక అమెరికా కారును అమ్మిపెట్టే బాధ్యత పెట్టిందంటే, అది నా మీద నమ్మకమో, ఊళ్ళో వేరే మనిషి దొరక్కపోవడమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ కారు మా చిన్నాయినది. చిన్నాయిన అంటే మా నాయిన తమ్ముడు, చిన్నమ్మ భర్త. మీసం మొలిచినప్పటి నుంచి ఊళ్ళో వాళ్ళ ట్రాక్టర్లు తోలి బతికినవాడు. ఆయనకు రోడ్డు పక్కన వాన పడితేనే పండే ఒక రాళ్ళ చెలక ఉండేది. మేకలు కూడా మొహం చూసి వెళ్ళిపోయే ఆ చెలక, రాష్ట్రం రాగానే ఉన్నట్టుండి ప్లాట్ల 'వెంచర్' అయి కూర్చుంది. కొనడానికి వచ్చిన హైదరాబాద్ పెద్దమనిషి సగం రొక్కం ఇచ్చి, మిగతా సగానికి తన ఇంట్లో మూలన పడి ఉన్న పాతకాలపు అమెరికా కారు తీసుకొమ్మన్నాడు. బుద్ధి ఉన్నవాడెవడైనా కొట్లాటకు దిగేవాడు. మా చిన్నాయిన ఆ కారు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద అరచెయ్యి పెట్టి, సంతకం చేసి వచ్చాడు.

ఆ కారుకు రెండే తలుపులు. ముందు భాగం ట్రాలీ అంత పొడుగు. లోపల ఎనిమిది సిలిండర్లు. స్టార్ట్ చేస్తే వీధి చివర కోళ్ళు గోడెక్కేవి. నేను పుట్టకముందెప్పుడో అమెరికాలో పడుచువాళ్ళు రోడ్ల మీద పందేలు వేసుకోవడానికి చేసిన రకమట. కంపెనీ పెట్టిన పేరు ఊళ్ళో ఎవరికీ నోరు తిరగక, దాన్ని 'ఎర్రపడవ' అన్నారు. (పెట్రోలు తాగే తీరు చూసి మా నాయిన ఇంకో పేరు కూడా పెట్టాడు కానీ అది ఇక్కడ రాయలేను.) స్టీరింగు ఎడమ పక్క ఉండేది కాబట్టి, ముందు లారీ ఉంటే దాన్ని దాటడానికి దారి ఉందో లేదో తోలేవాడికి కనబడేది కాదు. కుడి పక్క కూర్చున్న మనిషి కిటికీలోంచి తల బయటపెట్టి చెప్పాలి. ఆ ఉద్యోగం మా చిన్నమ్మకు పడింది. కొప్పు సర్దుకుని, తల బయటపెట్టి, "ఆగు... ఆగు... ఇగ పో" అని ఆమె చెబుతుంటే, అమెరికా వాడు కనిపెట్టిన అంత ఇంజనూ ఆమె మాట కోసం కాచుకుని ఉండేది.

చిన్నమ్మ కోపం ఉద్యోగం గురించి కాదు, జాగా గురించి. ఎర్రపడవ పట్టే నీడ ఊళ్ళో బర్రెల కొట్టం ఒక్కటే. కాబట్టి కారు కొట్టంలో, బర్రెలు ఎండలో. వానలు పడేలోపు బండి పోకపోతే, తనే బర్రెల్ని తోలుకుని కోస్గిలో తల్లిగారింటికి పోతానని ఆమె తేల్చి చెప్పింది. చిన్నమ్మ ఊరికే బెదిరించే మనిషి కాదు. అప్పటికే బర్రెలకు కొత్త పలుపుతాళ్ళు తెప్పించింది. అప్పుడు ఆమె మాట మీదే చిన్నాయిన నన్ను పిలిచి, దిగాలుగా, అమ్మిపెట్టమన్నాడు.

నేను నెట్‌లో ప్రకటన పెట్టాను. నాకు తెలిసిన ఇంగ్లీషంతా అందులోనే ఖర్చు చేశాను. మర్నాటి నుంచి జనం రావడం మొదలైంది. అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: మైలేజీ ఎంతొస్తది? చిన్నాయిన సత్యవంతుడు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పేవాడు, వాళ్ళు చెప్పులేసుకునేవాళ్ళు. మహబూబ్‌నగర్ నుంచి ఒక పెళ్ళికొడుకు వచ్చి బారాత్‌కు కిరాయికి అడిగాడు. ఇంకొకాయన దానికి గ్యాస్ కిట్టు పెడితే ఎట్లుంటుందని అడిగాడు. ఆ మాటకు చిన్నాయిన లేచి లోపలికి పోయి ఆ పూట మళ్ళీ బయటికి రాలేదు. నిజంగా కొనేటట్టు కనబడిన వాళ్ళు ఒకరిద్దరు వస్తే, చిన్నాయిన వాళ్ళను పక్కకు తీసుకుపోయి, పెట్రోలు ముల్లు ఎప్పుడూ సగం దగ్గరే నిలబడుతుందని, ఎడమకు తిప్పితే హారను దానంతటదే మోగుతుందని, అడగకముందే అన్ని ఐబులూ పూసగుచ్చినట్టు చెప్పేవాడు. అమ్మకం ఎందుకు జరగడం లేదో ఇంజనీరునైన నాకు అర్థం కాలేదు. ఏడో తరగతి చదివిన చిన్నమ్మకు అర్థమైంది.

ఆ తర్వాత హైదరాబాద్ నుంచి ఒక పళ్ళ డాక్టరమ్మ వచ్చింది. యాభై దాటిన ముసల్మాను ఆవిడ, తెల్ల చున్నీ, మాట తక్కువ. వెంట ఆమె భర్త చిన్న కారులో వచ్చి, ఎర్రపడవను చూసి, మళ్ళీ తన కారులోనే కూర్చున్నాడు. డాక్టరమ్మ మైలేజీ అడగలేదు. బానెట్ ఎత్తించి, నోరు తెరిచిన పేషెంటును చూసినట్టు ఒక్కొక్కటే వంగి చూసింది. తోలి చూస్తానంటే చిన్నమ్మ ఎవరూ పిలవకముందే కుడి సీట్లో ఎక్కి కూర్చుంది. చిన్నాయినా నేనూ వెనక సీట్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఇరుక్కున్నాం.

దారి పొడుగునా అక్కడ జరిగింది అమ్మకమంటే ఎవరూ నమ్మరు. వెనక నుంచి చిన్నాయిన ఒక ఐబు చెబితే, ముందు నుంచి చిన్నమ్మ దాన్ని సుగుణం చేసేది. వేడెక్కుతుందంటాడు ఆయన, చలికాలం హాయిగా ఉంటదంటుంది ఆమె. మధ్యలో లారీ వస్తే తల బయటపెట్టి దారి చెప్పి, మళ్ళీ లోపలికి తీసుకుని వాదన అందుకునేది. చివరికి డాక్టరమ్మ బండిని రోడ్డు పక్కన ఆపి, వెనక్కి తిరిగింది.

"అన్నా, మీకు ఇది అమ్మాల్నని లేదా?"

చిన్నాయిన కిటికీ వైపు చూస్తూ అన్నాడు: "ట్రాక్టరు తోలేటోడు ముంగట సూడడమ్మా. నాగలి ఎట్ల దున్నుతాందో అని ఎనుకకే సూసుకుంట తోలుతడు. నా బతుకంత గట్లనే పాయె. ముంగటికి సూసి తోలింది గీ ఒక్క బండినే."

చిన్నమ్మ మొదటిసారి వెనక్కి తిరిగి చిన్నాయిన మొహం చూసింది. డాక్టరమ్మ మెల్లగా, తన చిన్నప్పుడు గల్లీలో ఒక సేఠ్ దగ్గర ఇట్లాంటిదే ఉండేదని, పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదని, ఆడపిల్లల్నయితే అసలే రానిచ్చేవాడు కాదని చెప్పింది. "అప్పటి నుంచి మనసుల ఉన్నది," అంది. చిన్నాయిన తాళంచెవుల కోసం అడగకముందే రెండో జత కూడా జేబులోంచి తీసి ఇచ్చాడు.

ఇక బండిని హైదరాబాద్ దాకా తీసుకుపోవాలి. భర్త తన చిన్న కారు తోలుకుని వెనకే రావాలి కాబట్టి, కుడి సీట్లో కూర్చుని దారి చెప్పే మనిషి కావాలి. చిన్నమ్మ నన్ను నిలబెట్టి, ఎప్పుడు తల బయటపెట్టాలో, ఎప్పుడు లోపలికి తీసుకోవాలో నేర్పించింది. నాలుగేళ్ళ బీటెక్‌లో నాకు పనికొచ్చిన పాఠం ఒక్కటీ లేదు. ఇది మాత్రం పనికొచ్చేదే. ఆమనగల్లు దాకా నేను బాగానే చేశాను. దారిలో జనం తిరిగి చూస్తుంటే, బండి మా తాతల నాటిదన్నట్టు చెయ్యి కూడా ఊపాను. ఆమనగల్లు దాటాక రోడ్డు ఖాళీ అయింది. డాక్టరమ్మ చున్నీ ముడి వేసుకుని, నన్ను ఎదుట ఏమైనా వస్తుందా అని అడిగింది. ఏమీ లేదన్నాను. అప్పుడు కాలు ఆనించి తొక్కింది. వీపు సీట్లో కూరుకుపోయింది, కడుపు ఆమనగల్లులోనే ఉండిపోయింది. నా పని చూడటం కాబట్టి, నేను రెండు కళ్ళూ గట్టిగా మూసుకున్నాను. ఆమె మాత్రం నవ్వుతోంది, గల్లీలో ఆడపిల్ల నవ్వినట్టు.

తిరుగు ప్రయాణం ఆర్టీసీ బస్సులో, నిలబడి. సాయంత్రం ఇంటికి చేరేసరికి బర్రెలు కొట్టంలో ఉన్నాయి. చిన్నాయిన అరుగు మీద కూర్చుని, నేను చెప్పులు విప్పకముందే అడిగాడు.

"ఎట్ల తోలిందిరా?"

"మొత్తం తొక్కింది చిన్నాయినా. భయానికి కండ్లు మూసుకున్న."

అమ్మకం మాట మొదలైనప్పటి నుంచి నవ్వని మనిషి అప్పుడు నవ్వాడు. మళ్ళీ చెప్పమన్నాడు. చిన్నమ్మ పాల చెంబుతో వచ్చి నిలబడి, తనకు మొదటి నుంచి చెప్పమంది. చెప్పాను.

తర్వాత నోటిఫికేషన్ వచ్చింది, నాకు తప్ప చాలామందికి ఉద్యోగాలు వచ్చాయి, నేను బీమా కంపెనీలో చేరి, గుద్దుకున్న కార్లను చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ బతుకుతున్నాను. ఊరికి పోయినప్పుడల్లా చిన్నాయిన ఆ ఆమనగల్లు కథ అడుగుతాడు. ఏటా నేను చెప్పే కథలో బండి ఇంకొంచెం వేగంగా పోతుంది, రోడ్డు ఇంకొంచెం పొడుగవుతుంది. ఈ మధ్య చెబుతున్న దాంట్లోనైతే నేను కళ్ళు మూసుకోవడం కూడా మానేశాను. చిన్నమ్మకు సంగతి తెలుసు. అయినా ఏమీ అనదు, ఇంకో గ్లాసు చాయ్ పోస్తుంది.