వెనక తలుపు ఎలీహియో

మా అన్నయ్య ఎలీహియో ఏ ఇంటికీ, ఏ కొట్టుకీ, చివరికి చర్చికి కూడా ముందు తలుపులోంచి వెళ్ళి ఎరగడు. బండి దిగడం ఆలస్యం, చుట్టూ తిరిగి వెనక్కి పోతాడు.

మా బంధువుల పెళ్ళికి వంటగది వైపు నుంచి వెళితే ఎవరో నడుముకి ఏప్రన్ కట్టి, చేతిలో మొక్కజొన్న పొత్తుల ఆకుల్లో ఉడికించిన తమాలేల పళ్ళెం పెట్టారు. పెళ్ళంతా వడ్డించి, చివర్న పెళ్ళికూతురి తండ్రి చేత "బాగా చేశావోయ్" అనిపించుకుని వచ్చాడు. ఈస్టర్ నాడు చర్చిలో, ఫాదరీ బట్టలు మార్చుకునే గదిలోంచి నడిచొచ్చి సరిగ్గా బలిపీఠం పక్కన తేలాడు. ఫాదరీ వచ్చాడనుకుని జనం లేచి నిలబడ్డారు. అన్నయ్య కూడా మర్యాదగా తల ఊపాడు.

"ఎందుకన్నయ్యా నీకీ దిక్కుమాలిన అలవాటు?" అంటే ఒకటే జవాబు.

"పిచ్చిదానా, పశువుల వేలంలో ముందు బరిలోకి తెచ్చే ఆవుని కడిగి, దువ్వి తెస్తారు. అది కుంటిదో కాదో వెనక దొడ్లో చూస్తేనే తెలుస్తుంది."

ఐడహో రాష్ట్రం దక్షిణాన ఉన్న పాల డెయిరీలన్నీ తిరిగి ఆవుల గిట్టలు చెక్కడం అతని పని. బతుకంతా ఆవుల వెనక కాళ్ళ దగ్గర గడిపినవాడికి లోకం కూడా అటునుంచే కనబడుతుంది కాబోలు. కానీ నాకు ఒళ్ళు మండేది. ఈ దేశం తాగే పాలు పితికేది వలసొచ్చిన మేము. అయినా మాకు ఎవరూ ముందు తలుపు తెరిచి పెట్టలేదు. తీరా తెరిచిన రోజున కూడా వెనక్కి పోవడమేమిటి?

ఆ రోజు మా అమ్మాయి నయేలి వల్ల వచ్చింది. దానికి పశువైద్యురాలు కావాలని ఆశ. ముందు నాలుగేళ్ళు జీవశాస్త్రం చదవాలి. ఆ మార్కులూ, పశువుల మధ్య చేసిన పనీ, పిల్లని ఎరిగిన ప్రొఫెసర్ల సిఫారసులూ చూశాకే పశువైద్య కళాశాల సీటిస్తుంది. ఆ నాలుగేళ్ళు ఎక్కడ చదవాలన్నదే ప్రశ్న. మూడు విశ్వవిద్యాలయాలు రమ్మన్నాయి. మే ఒకటో తారీఖులోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి. మా వంశంలో కాలేజీ గడప తొక్కబోతున్న మొదటి మనిషి అది. తప్పు చోట అడుగేస్తే ఇటు రా అని చెప్పేవాడు లేడు.

మూడూ చూసొద్దామని ముగ్గురం బయల్దేరాం. మొదటిది పెద్ద పేరున్నది. రాతి గోపురాలు, పచ్చిక, జెండాలు. అంతా తిప్పి చూపించే కుర్రాడు మాకేసి మొహం పెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ మాట్లాడుతున్నాడు.

"ఈ మొత్తం చోట్లో నాకు నచ్చినవాడు వీడొక్కడే," అన్నాడు అన్నయ్య. "సరైన దిక్కుకి నడుస్తున్నాడు."

అని మాయమయ్యాడు. మేము గ్రంథాలయం చూసి బయటికొచ్చేసరికి ఇద్దరు కాపలావాళ్ళ మధ్య నడిచొస్తున్నాడు. నోట్లో కేకు ముక్క.

"మామయ్యా! నా పరువు తీశావు!" అంది నయేలి.

"జీవశాస్త్రం భవనం వెనక మెట్ల మీద ఓ పిల్ల ఏడుస్తోంది. తరగతిలో వందల మందట. సిఫారసు రాయమంటే 'నువ్వెవరమ్మా?' అన్నాట్ట పంతులు."

"నువ్వెవరయ్యా అని నిన్నూ అడిగారు కదా, ఆ కాపలావాళ్ళు!" అన్నాన్నేను. నాకు ఆ గోపురాలు నచ్చాయి.

రెండోది పంపిన పరిచయ పుస్తకం అట్ట మీద, దూడని కౌగలించుకున్న విద్యార్థిని బొమ్మ ఉంది. అరగంటలో అన్నయ్య వెనకనుంచి ప్యాంటు నిండా పల్లేరుకాయలతో తిరిగొచ్చాడు.

"దూడ లేదు."

"ఎక్కడికో మేతకి పోయుంటుందిలే."

"కాదే, అద్దె దూడ! ఫొటోకని పక్క ఫారం నుంచి తెచ్చి, అది అయ్యాక తోలేశారు."

మూడోది చూస్తే నా మనసు చివుక్కుమంది. రేకుల షెడ్లు, పేడ వాసన. అన్నయ్య భవనం చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, బిత్తరపోయి నిలబడ్డాడు.

"ఒదీలియా, దీనికి వెనక ఎటో తెలియట్లేదే! అంతా వెనకలాగే ఉంది!"

ఇంతలో భుజం దాకా ప్లాస్టిక్ తొడుగు, కాళ్ళకి రబ్బరు బూట్లు వేసుకున్న ఓ పెద్దావిడ తొంగి చూసింది. జీవశాస్త్రం ప్రొఫెసర్ హాగెన్.

"నయేలివి నువ్వే కదూ? సమయానికొచ్చావు. ఆ తోక కాస్త పట్టుకోమ్మా, దూడ అడ్డం తిరిగింది."

దూడ బయటపడేసరికి అన్నయ్య ఎటో మాయమయ్యాడు, నయేలి కొత్త గౌను మీద పడకూడనివన్నీ పడ్డాయి. పిల్ల మొహం మాత్రం వెలిగిపోతోంది.

ఇంటికొస్తూ దారిలో తేల్చి చెప్పింది. "అమ్మా, నేనక్కడే చదువుతా. మామయ్య మాటకి కాదు. ఆవిడ నా పేరు అడగలేదు, తెలుసుకుని ఉంది."

ఆగస్టులో దింపడానికి వెళ్ళాం. భోజనశాలలో అడుగు పెట్టామో లేదో వంటామె పరుగెత్తుకొచ్చింది. "ఎలీహియో మేనకోడలివి కదూ? నీకు వేరుశనగ పడదట, విడిగా చేస్తాలే." కొట్టం చూసుకునే ముసలాయన బూట్లు తెచ్చాడు. "నీ కొలతే. మీ మామయ్య చెప్పాడు." గదులు ఊడ్చే అమ్మాయి భుజం తట్టింది. "దిగులేస్తే మా ఇంటికొచ్చేయ్. మొహమాటపడతావని మీ మామయ్య ముందే చెప్పాడులే."

నయేలి నడుం మీద చేతులు పెట్టుకుంది. "మామయ్యా! వెనక్కెళ్ళి నువ్వు చేసింది ఇదా? పరీక్ష చేస్తున్నానన్నావు!"

"చేశాగా. మా పిల్లొస్తే చూసుకుంటారా అని అడిగా. అంతకన్నా పరీక్షేముంది?"

ఆ వారమే అన్నయ్య ఫోను మోగడం మొదలెట్టింది. గోపురాల చోటునుంచి వంటవాళ్ళు, అద్దె దూడ చోటునుంచి తోటమాలి. "పిల్ల ఇంకా రాలేదేం? ఒంట్లో బాగుందా?" మూడు చోట్లా అప్పగింతలు పెట్టొచ్చాడన్నమాట మహానుభావుడు!

నాలుగేళ్ళు గడిచాయి. హాగెన్ గారు రాసిన సిఫారసులో ఆ మొదటి దూడ దగ్గర్నుంచీ అంతా ఉంది. పశువైద్య కళాశాలలో సీటొచ్చింది. నేను డెయిరీలో వార్త చెబితే, పాలు పితికే మనుషుల కేకలకి ఆవులు బెదిరి ఆ పూట పాలివ్వలేదు.

చేరే రోజున అక్కడ ముందు గుమ్మానికి రంగు కాగితాలు కట్టారు. స్వాగతం చెప్పడానికి పెద్దలు వరసగా నిలబడ్డారు. అన్నయ్య బండి దిగి, అలవాటు కొద్దీ పక్క సందులోకి మళ్ళాడు.

"మామయ్యా, ఆగు!"

హమ్మయ్య, ఇవాళైనా పిల్ల బుద్ధి చెబుతుందనుకున్నాను.

"నేనూ వస్తున్నా," అంది. నా చెయ్యి కూడా పట్టుకు లాగింది.

వెనక కొట్టంలో ఒకతను గొట్టంతో నేల కడుగుతున్నాడు. నయేలి సూటిగా వెళ్ళి చెయ్యి చాచింది. "నమస్కారమండీ, నేను ఎలీహియో మేనకోడల్ని."

అతను నీళ్ళు కట్టేసి ఎగాదిగా చూశాడు. "ఎలీహియో ఎవరమ్మా?"

మా అన్నయ్య చొక్కా సర్దుకుని, పెళ్ళికొడుకులా ముందుకొచ్చాడు.